పుంటికూర విత్తనాలు సూట్‌కేసులో దాచకు చెల్లె

ఈసారి హన్మకొండలో అమ్మ వాళ్లింట్లో ఉన్నప్పుడు వెనక వీధిలోని ఒక అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పెళ్లయి ఐదు నెలలు, వీసా వచ్చేసింది, మార్చి ఆఖర్లో న్యూజెర్సీకి ప్రయాణం. చేతిలో పాత చీరముక్కల్లో కట్టిన చిన్న చిన్న మూటలు. పుంటికూర (గోంగూర), తోటకూర, బీర, ఆనపకాయ, వాళ్ల నాయనమ్మ చేనుగట్టు మీద ఏరి కట్టిచ్చిన, బతుకమ్మలో పేర్చే గునుగు పూల విత్తనం కూడా. "అక్కా, బట్టల మధ్యలో పెడితే ఎవరికి తెలుస్తుంది?" అని అడిగింది. పద్నాలుగేళ్ల కింద అమెరికాకు పోతూ నేనూ అచ్చం ఇదే అడిగాను, నన్ను ఆపేవాళ్లు లేక తీసుకుపోయాను, ఎయిర్‌పోర్టులో అన్నీ చెత్తబుట్టలో పడ్డాయి. అడిగినప్పుడు నిజం చెప్పాను కాబట్టి మూటలతోనే పోయింది. దాచి దొరికితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. ఆ పిల్లకు చెప్పిందంతా ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఏటా వరంగల్ నుంచి, కరీంనగర్ నుంచి వచ్చే పిల్లలు నన్ను ఇవే అడుగుతారు.

విత్తనాలు అసలే తీసుకుపోకూడదని కాదు. విత్తనాలకు పురుగూ తెగులూ లేవని ఇక్కడ ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అయినా ఉండాలి, లేదంటే అమెరికా వ్యవసాయ శాఖ నుంచి ముందే అనుమతి తీసుకుని, ఏ విత్తనమో పేరు రాసిన చిన్న పొట్లాల్లో తీసుకుపోవాలి. ఇంత తతంగం పుంటికూర కోసం ఎందుకు చెల్లె? మే నెల రాగానే అక్కడి ఇండియన్ దుకాణాల్లో విత్తనాలే కాదు, నారు కూడా గుమ్మం ముందే పెట్టి అమ్ముతారు. మెంతులు, ధనియాలయితే వంటకు కొన్నవే చల్లుకో. ధనియాల్ని చపాతీ కర్రతో మెల్లగా రెండు బద్దలయ్యేలా నలిపి వేస్తే మొలుస్తాయి. ఇంకొకటి, కరివేపాకు రొట్ట మాత్రం ఎంత ప్రేమగా ఇచ్చినా సంచిలో పెట్టుకోవద్దు. నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది, అందుకే వాళ్లకు ఆ ఆకంటే అంత భయం.

ఇప్పుడు అసలు సంగతి, చలి. నువ్వు మార్చి ఆఖర్లో దిగుతావు. వారం తిరక్కుండానే ఒకరోజు ఎండ వస్తుంది, మనకు సంక్రాంతి నాటి పొద్దులాగ హాయిగా ఉంటుంది, పక్కింటి వాళ్లు నిక్కర్లేసుకుని తిరుగుతుంటారు, పసుపుపచ్చ డాఫడిల్స్ పూసి ఉంటాయి. అప్పుడు నీ చెయ్యి ఊరుకోదు. నాదీ ఊరుకోలేదు. మొదటి ఏడాది ఏప్రిల్ రెండో వారంలో ఇరవై నాలుగు టమాటా మొక్కలు, పన్నెండు మిరప మొక్కలు కొని, నడుం పడిపోయేదాకా నాటాను. మూడో రోజు పొద్దున లేచి చూస్తే ఆకులన్నీ ఉడకబెట్టిన పాలకూరలా నల్లగా వాలిపోయి ఉన్నాయి. ఫోన్ చేసి ఏడిస్తే అమ్మ "నీళ్లు పొయ్యలేదా బిడ్డా?" అంది. మంచు పడిందమ్మా అంటే ఆమెకేం అర్థమవుతుంది, ఏప్రిల్‌లో ఇక్కడ కూలర్లు దింపి గడ్డి మార్పిస్తుంటారు. అక్కడి తోటమాలులు పాటించే లెక్క ఒకటుంది, మే రెండో ఆదివారం, అంటే మదర్స్ డే, దాటేదాకా టమాటా, మిరప, వంకాయ, బీర, పుంటికూర వంటివేవీ నేలలో పెట్టరు. రాత్రి ఉష్ణోగ్రత యాభై ఫారన్‌హీట్ కిందికి దిగకుండా వరసగా ఉండాలి, అంటే మన లెక్కలో పది డిగ్రీలు. ఫోన్లో పగటి ఎండ కాదు, రాత్రి అంకె చూడు.

అంటే ఏప్రిల్ అంతా చేతులు కట్టుకుని కూర్చోమని కాదు. పాలకూర, మెంతికూర, కొత్తిమీర, చుక్కకూర చలికి ఓర్చుకుంటాయి, పైగా ఎండలు ముదిరితే కొత్తిమీర పూతకొచ్చి పాడయ్యేది, కాబట్టి వీటికి ఏప్రిలే మంచిది. అక్కడ సారెల్ పేరుతో అమ్మే చుక్కకూర రకమయితే ఒకసారి పాతుకుంటే చలికాలం చచ్చినట్టు పడి ఉండి మళ్లీ వసంతంలో దానంతటదే లేస్తుంది. మిరపనారు ఇంట్లోనే కిటికీ దగ్గర రెండు నెలల ముందు పోసుకోవాలి, నువ్వు దిగేసరికి ఆ టైం దాటిపోతుంది, ఈ ఏడాదికి మొక్కలు కొనుక్కో. మన చపాట మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతపు పంటే అన్న ముద్ర, వచ్చిందని మురిసిపోయి నేనూ వెతికాను, దొరకలేదు, మన వరంగల్ ఎనుమాముల మార్కెట్ మిర్చి రంగు, వాసన దేనికీ రాదు. ఇంట్లో పెంచిన నారును ఒక్కసారిగా ఎండలో పెట్టొద్దు. మొదటిరోజు గంట, రెండోరోజు రెండు గంటలు, అలా వారం పదిరోజులు బయటికీ లోపలికీ మోయాలి. విసుగే, కానీ మోయాలి.

మీరుండేది అపార్ట్‌మెంటయితే బాల్కనీలో కుండీలు పెట్టొచ్చో లేదో లీజు కాగితం చదువు. చాలా ఊళ్లలో మున్సిపాలిటీ వాళ్లు ఏడాదికి కొంత తీసుకుని చిన్న మడి ఇస్తారు, దానికి చలికాలంలోనే పేరు రాయించుకోవాలి, ఆలస్యమైతే వెయిటింగ్ లిస్టులో ఉంటావు. లైబ్రరీకి పో. కొన్నింటిలో విత్తనాలు ఉచితంగా ఇస్తారు, కుట్లు అల్లికలు నేర్పే క్లాసులు పెడతారు, దోస్తులు కూడా అక్కడే దొరుకుతారు.

సొంత ఇల్లో, పెరడున్న అద్దిల్లో అయితే తవ్వేముందు 811కు ఫోన్ చేసి ఆగు. డబ్బులేం తీసుకోరు, కొన్ని రోజుల్లో వచ్చి గ్యాసు, కరెంటు, కేబులు ఎక్కడ పోతున్నాయో నేల మీద రంగు వేసి, జెండాలు పాతిపోతారు. నేను బీరపందిరికి గుంజ పాతుదామని గడ్డపార దించి ఇంటర్నెట్ తెంపాను, మా ఆయన అప్పుడే ఏదో మీటింగులో ఉన్నాడు, ఆ రోజు మా ఇంట్లో జరిగింది రాయను. ఇల్లు 1978కి ముందు కట్టిందయితే గోడ పక్క మట్టిలో పాత పెయింటు నుంచి రాలిన సీసం ఉండొచ్చు, ఆ ఏడాదే ఇళ్లకు సీసం పెయింటు వాడొద్దన్నారు. రట్గర్స్ యూనివర్సిటీ ల్యాబుకు మట్టి పంపితే పరీక్ష చేసి చెప్తారు. అంత ఓపిక లేకపోతే చెక్కపెట్టె కట్టి, కొన్న మట్టి నింపి, అందులో ఆకుకూరలు వేసుకో. పెంట ఎరువు కూడా సంచుల్లో కొనాలి. మొదటిసారి ఆవుపేడకు డాలర్లు కట్టినప్పుడు మా తాత బతికి ఉంటే ఎంత నవ్వేవాడో అనుకున్నాను.

బీర, ఆనప తీగలు జూలైలో పందిరంతా అల్లుకుంటాయి, పూలు పూస్తాయి, పిందెలు వేలంత అయి పసుపెక్కి రాలిపోతాయి. "అక్కా, మందు ఏం కొట్టాలి?" అని అందరూ అడిగేది ఇప్పుడే. మందు కాదు, పరాగం అందడం లేదు. ఈ రెండింటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పటికి తేనెటీగలు గూటికి పోతాయి. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఒట్టి కాడ ఉన్నది మగపువ్వు. పొద్దుగూకే వేళ మగపువ్వు తెంపి ఆడపువ్వు మీద మెల్లగా రాయి. మా ఇంట్లో ఈ పని మా ఆయనది, రాత్రి అన్నం ముందు టార్చిలైటు పట్టుకుని బయల్దేరతాడు, పక్కింటి ముసలాయన మొదట్లో అనుమానంగా చూసేవాడు, ఇప్పుడు ఆనపకాయ కోసం ఎదురుచూస్తాడు. చిక్కుడుకైతే పొద్దు కురచనైతేనే పూత వస్తుంది, సెప్టెంబరులో పూసి కాయ ముదిరేలోపు మంచు పడుతుంది. నేను మూడేళ్లు మొండికేసి ఆ ఆశ వదులుకున్నాను.

కరివేపాకు మొక్క అక్కడి దుకాణంలోనే కొనుక్కో, నేలలో కాదు, కుండీలోనే పెట్టు. రాత్రులు చల్లబడగానే ఇంట్లోకి తేవాలి. చలికాలంలో ఆకు రాల్చి పుల్లలా నిలబడితే చచ్చిందనుకుని నీళ్లు ఎక్కువ పోస్తారు, ఆ నీళ్లకే వేరు కుళ్లి నిజంగా చస్తుంది. మట్టి పైన ఎండితేనే కాసిన్ని పోసి ఊరుకో.

ఇంటి ముందు సిమెంటు పగుళ్లలో గంగవాయిలి కూర చూస్తే నీకు ప్రాణం లేచొస్తుంది. అక్కడ అది కలుపు, పీకి పారేస్తారు. పప్పులో వేసుకోవచ్చు కానీ రెండు చూసుకో. దాని పక్కనే అచ్చం అలాగే నేలకు పరుచుకునే ఇంకో మొక్క ఉంటుంది, కాడ తుంచితే పాలు కారుతాయి, పాలు కారితే ముట్టొద్దు. రెండోది, గడ్డికి మందు కొట్టిన చోట ఏదీ ఏరొద్దు. కంచె పక్క మోదుగలాగ మూడేసి ఆకులతో మెరిసే తీగ కనబడితే అది పాయిజన్ ఐవీ, తగిలితే రెండు వారాలు దద్దుర్లతో గోక్కుంటావు. గడ్డిలో పనిచేసి వచ్చాక మోకాళ్ల వెనక, చంకల్లో, తలలో పిడుదులు పట్టాయేమో చూసుకో. మన పశువులకు పట్టే పిడుదుల కంటే అవి చాలా చిన్నవి, కొన్ని నువ్వుగింజంత కూడా ఉండవు, లైమ్ జబ్బు వాటితోనే వస్తుంది. చిన్న చిమటాతో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి, కిరోసిన్ పొయ్యడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు.

కుక్కను పెంచుకుందామని చాలామందికి మొదటి ఏడాదే అనిపిస్తుంది, ఇంట్లో ఒంటరిగా ఉంటారు కదా. తొందరపడొద్దు. అద్దింట్లో కుక్కకు వేరే డిపాజిట్, నెలనెలా అద్దె కూడా ఉంటాయి. ఊళ్లో పెంచినదాన్ని తెచ్చుకుందామంటే 2024 ఆగస్టు నుంచి రూల్స్ గట్టివయ్యాయి, ఆరు నెలలు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మన దేశం రేబీస్ ఎక్కువున్న లిస్టులో ఉంది కాబట్టి టీకా కాగితాలు, రక్తపరీక్ష పక్కాగా ఉండాలి. అన్నిటికంటే, మనం ఇంట్లో మిగిలిన అన్నం, పులుసు కలిపి పెడతాం చూడు, అది అక్కడే కాదు, ఎక్కడా పెట్టొద్దు. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క రక్తకణాల్ని చంపేస్తాయి. కిస్‌మిస్, ద్రాక్ష మూత్రపిండాల మీద పడతాయి. ఉగాదినాడు మా కుక్క సేమియా పాయసం గిన్నె నాకింది, ఆ రాత్రి డాక్టరు బిల్లుతో నేను హైదరాబాద్ టికెట్ కొనుక్కునేదాన్ని. పిల్లి ఉంటే ఈస్టర్‌కు దుకాణాల నిండా అమ్మే తెల్ల లిల్లీలు ఇంట్లోకి తేకు. ఆ పుప్పొడి ఒంటికి అంటి నాక్కున్నా దానికి ప్రాణాపాయమే.

ఆ పిల్ల చెరియాల్ బొమ్మలు బాగా వేస్తుంది, అక్కడ ఆన్‌లైన్‌లో అమ్ముకుంటానంది. ఇది మాత్రం గట్టిగా చెప్పాను. హెచ్4 మీద, అంటే మొగుడి ఉద్యోగ వీసాను బట్టి పెళ్లానికిచ్చే వీసా మీద, వర్క్ పర్మిట్ లేకుండా, ఇంట్లో కూర్చుని చేసి అమ్మినా అది పనే. బొమ్మలు వేసుకో, గోడకు పెట్టుకో, ఎవరి ఇంటికి పోయినా బహుమతిగా ఇవ్వు, లైబ్రరీలో పిల్లలకు ఊరికే నేర్పు. డబ్బు మాత్రం తీసుకోకు, ఏమైనా అనుమానముంటే లాయర్‌ను అడుగు, వాట్సాప్ గ్రూపును కాదు.

ఇక ఆ గునుగు మూట. నాయనమ్మ కట్టిచ్చింది కదా, దాన్ని వదిలేసి పోవాలంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను అన్నాను, గునుగు అక్కడ సెలోషియా అన్న పేరుతో దొరుకుతుంది, పొడుగు కంకుల రకం అడుగు, ముద్దగా ఉండేది మన పట్టుకుచ్చు. బతుకమ్మకు పూలు కావాలంటే వసంతంలోనే ఆలోచించాలి, సెప్టెంబరులో దుకాణాలకు పరుగెత్తితే చామంతి కుండీలు తప్ప ఏమీ ఉండవు. గునుగు, పట్టుకుచ్చు మే ఆఖర్లో చల్లు, విత్తనం ఇసుకంత సన్నగా ఉంటుంది, మట్టి కప్పకుండా మీద అద్ది వదిలేయాలి. బంతి జూన్‌లో పెట్టు, మేలోనే పెడితే ఆగస్టుకే పూసి అలిసిపోతుంది. ఒక గుమ్మడి తీగ కూడా వెయ్యి, కాయ కోసం కాదు, కింద పరిచే ఆకు కోసం, గౌరమ్మకు పువ్వు కోసం. తంగేడు మాత్రం లేదు, దాని బదులు రోడ్ల పక్క సెప్టెంబరులో పసుపుపచ్చగా పూసే గోల్డెన్‌రాడ్ పెడతాం, పెట్టేటప్పుడు ప్రతిసారీ ఎవరో ఒకరు "తంగేడు కాదులే" అంటారు.

ఈ ఏడాది, అంటే 2026లో, అధిక జ్యేష్ఠం వచ్చింది, దసరా అక్టోబర్ 20 దగ్గరికి జరిగింది. 2023లో కూడా ఇలాగే జరిగి సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు మా బంతులు మంచుకు మాడాయి. అందుకని అక్టోబర్ మొదటి వారం నుంచే రాత్రుళ్లు పాత దుప్పట్లు కప్పాలి. గునుగయితే ముందే కోసి గ్యారేజీలో తలకిందులుగా వేలాడదీస్తే ఎండినా రంగు పోదు. బతుకమ్మను పార్కు చెరువులో వెయ్యనివ్వరు, పిల్లల ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి అందులో వదులుతాం, హన్మకొండలో పద్మాక్షి గుట్ట కింద వదిలినట్టు ఉండదు, కానీ పాటలు అవే.

మూట నా దగ్గరే ఉంది, అమ్మ దాన్ని పెరట్లో చల్లుతానంది. నా తోటలో పోయినేడు కట్టుకున్న గునుగు విత్తనం పొట్లం ఒకటి ఫ్రిజ్ మీద డబ్బాలో ఉంది చెల్లె, దిగాక ఫోన్ చెయ్యి, ఆదివారం వచ్చి తీసుకుపో, వచ్చేటప్పుడు ఖాళీ కుండీ ఒకటి తెచ్చుకో.