సొంత పొలంలో పండ్ల చెట్లు, వాటి కింద దుప్పి: చట్టం ఏమంటుంది?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్ అడవి అంచున ఉన్న ఊరు. నాలుగెకరాల పట్టా భూమి ఉంది. మా అబ్బాయి హెచ్-1బి వీసా మీద అమెరికాలోని మిషిగన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ స్నేహితుడి స్థలంలో జింకల కోసమే ఆపిల్, పియర్ చెట్లు నాటారట. నవంబరులో ఆ చెట్ల దగ్గరే కాపు కాసి వేటాడతారట. మొన్న సెలవులకు వచ్చినప్పుడు, ‘మన గట్ల మీద కూడా ఉసిరి, రేగు, తునికి పెడదాం నాన్నా, దుప్పులు వాటంతటవే వస్తాయి, మన భూమిలోకి వచ్చినదాన్ని కొడితే ఎవరేమంటారు’ అన్నాడు. పంట పాడు చేస్తున్నాయని పర్మిషన్ తెచ్చుకుంటే సరిపోతుందని మా బావమరిది అంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. చెట్లు నాటడం కూడా నేరమేనా?

జవాబు: చెట్లు నాటడం నేరం కాదు. మీ పట్టా భూమిలో ఉసిరి పెట్టుకున్నా, రేగు పెట్టుకున్నా అడిగేవాళ్లు లేరు. రాత్రిపూట దుప్పులు వచ్చి రాలిన కాయలు తిని పోతే దాని మీద మీకు కేసు రాదు. మీ అబ్బాయి మాటల్లో చివరి ముక్కతోనే వచ్చింది చిక్కంతా.

వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 దృష్టిలో వేట అంటే తుపాకీ పేల్చడం ఒక్కటే కాదు. సెక్షన్ 2(16) చూడండి. చంపడం, విషం పెట్టడంతో పాటు పట్టుకోవడం, తరమడం, ఉచ్చు పన్నడం, ఎర వేయడం కూడా వేట కిందికే వస్తాయి. వాటి కోసం చేసే ప్రతి ప్రయత్నమూ అంతే. కాబట్టి జంతువు చావకపోయినా, దానికి చిన్న గాయం కూడా కాకపోయినా కేసు నిలబడవచ్చు. సెక్షన్ 9 ప్రకారం షెడ్యూల్ 1, 2లలో (చట్టం చివర ఉన్న రక్షిత జంతువుల జాబితాలు) ఉన్న ఏ జంతువునూ వేటాడకూడదు. 2022లో చట్టాన్ని సవరించాక చుక్కల దుప్పి షెడ్యూల్ 2లో ఉంది. కృష్ణజింక షెడ్యూల్ 1లో ఉంది. మన దేశంలో సరదా వేటకు లైసెన్సు అనేదే లేదు. మీ అబ్బాయికి ముందు చెప్పాల్సింది ఇదే.

‘చెట్టు ఎర ఎలా అవుతుందండీ, అది కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది కదా’ అని మీరు అడగొచ్చు. నిజమే, ఆ సెక్షన్‌లో చెట్ల ఊసే లేదు. ఉసిరి మొక్క నాటారని ఎవరూ మిమ్మల్ని కోర్టుకు ఈడ్వరు. కానీ ఉద్దేశాన్ని కోర్టు చుట్టూ ఉన్న సాక్ష్యాన్ని బట్టి తేలుస్తుంది. చెట్టు పక్కన ఉప్పు గడ్డ పెట్టారా, మంచె మీద సర్చ్‌లైటు దొరికిందా, ఇంట్లో నాటు తుపాకీ ఉందా, కంచెలో బైకు క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు ఉందా అని చూస్తారు. మంచె ఉన్నంత మాత్రాన తప్పు కాదు, పంట కాపలాకు ప్రతి ఊళ్లోనూ వేస్తారు. మంచెతో పాటు మిగతావీ దొరికితే ఉసిరి చెట్టు కూడా సాక్ష్యంలో చేరుతుంది. ఈ రోజుల్లో వీటన్నిటికంటే ఫోన్లే ఎక్కువ పట్టిస్తున్నాయి. ‘చెట్లు కాపుకొస్తే పండగే’ అని ఫ్యామిలీ గ్రూపులో ఒక్క మెసేజ్ పడితే, మీ తరఫు వకీలుకు చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

‘మన భూమిలోకి వచ్చింది కాబట్టి మనది’ అనే వాదన అసలు నిలవదు. సెక్షన్ 39 ప్రకారం చట్టానికి విరుద్ధంగా వేటాడిన జంతువైనా, చచ్చి పడి ఉన్నదైనా, పొరపాటున చచ్చినదైనా ప్రభుత్వ ఆస్తే. నేరానికి వాడి, పట్టుబడిన ఆయుధాలు, వాహనాలు కూడా ప్రభుత్వానికే పోతాయి. ఇంట్లో మాంసం దొరికితే సెక్షన్ 57 కింద అది అక్రమంగా ఉంచుకున్నదనే కోర్టు మొదట అనుకుంటుంది, కాదని రుజువు చేయాల్సిన భారం మీదే. సెక్షన్ 50 ప్రకారం సోదాకు, అరెస్టుకు వారంటు కూడా అక్కర్లేదు.

శిక్ష సంగతి. దుప్పి విషయంలో మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జంతువు షెడ్యూల్ 1లోదైనా, వేట జరిగిన చోటు అభయారణ్యం లోపలైనా లెక్క మారుతుంది: తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువలో ఎక్కువ ఏడేళ్లు, జరిమానా రూ.25 వేలకు తగ్గదు. అందుకే మీ సర్వే నంబరు అభయారణ్యం హద్దుకు లోపల ఉందో బయట ఉందో ముందు అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో కనుక్కోండి. ఇలాంటి కేసులు తొందరగా వదలవు కూడా. సల్మాన్ ఖాన్ మీద కృష్ణజింకల కేసు 1998 నాటిది. జోధ్‌పూర్ కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది 2018లో. ఆ తర్వాత అప్పీలు. అంత పెద్ద వకీళ్లను పెట్టుకున్నవాళ్లకే ఇరవై ఏళ్లు పట్టింది.

ఇక మీ బావమరిది గారి సలహా. అది సగం నిజం కాబట్టే ప్రమాదం. సెక్షన్ 11 కింద షెడ్యూల్ 2లోని జంతువు మనుషుల ప్రాణానికో, ఆస్తికో, నిలబడి ఉన్న పంటకో ప్రమాదకరంగా మారితే, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల రక్షణకు పెద్ద అధికారి) గానీ ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. రాతపూర్వక ఆర్డరు ఉండాలి, ఫోన్లో ‘సరే’ అంటే చెల్లదు. ఆర్డరు తెచ్చుకున్నా కొట్టిన జంతువు మీది కాదు, కూరకు పనికిరాదు. అయినా ఒక చేత్తో పళ్లు పెట్టి పిలిచి, ఇంకో చేత్తో పంట తింటున్నాయని అర్జీ రాస్తే ఏ అధికారి నమ్ముతాడు? నిజంగా నష్టం జరుగుతుంటే పరిహారానికి అటవీ శాఖకు దరఖాస్తు పెట్టండి. నష్టపోయిన పంటను వాళ్లు వచ్చి చూసేదాకా అలాగే ఉంచి, ఫోటోలు తీసిపెట్టుకోండి. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెబుతున్నాను: కంచెకు కరెంటు తీగ తగిలించే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. పందికని పెట్టిన తీగకు పక్క పొలం రైతు బలైతే అది వన్యప్రాణి కేసుతో ఆగదు, మనిషి ప్రాణం తీసిన కేసు అవుతుంది.

మిషిగన్ సంగతికొస్తాను. నేను అక్కడి కోర్టుల్లో వాదించే వకీలును కాను, కాబట్టి రాసి ఉన్న నియమాల మేరకే చెబుతున్నాను. అక్కడ సీజను, లైసెన్సు ఉంటే జింక వేట చట్టబద్ధమే. తుపాకీ సీజను ఏటా నవంబరు 15 నుంచి 30 దాకా. 1960 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ సేఫ్టీ కోర్సు చేయాలి. ఎర విషయంలో వాళ్లు గీసిన గీత వేరు. జింకలకు సోకే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే ప్రాణాంతక వ్యాధి వల్ల ఆ రాష్ట్రం దక్షిణ భాగమైన దిగువ ద్వీపకల్పంలో (లోయర్ పెనిన్సులా) 2019 జనవరి చివరి నుంచి జింకలకు ఎర వేయడం నిషేధించారు. ఒకే కుప్ప మీద మూతులు పెడితే రోగం అంటుకుంటుందని వాళ్ల భయం. కానీ నాటిన చెట్టును, పెరుగుతున్న పంటను ఎరగా చూడరు. చెట్టు నుంచి రాలి అక్కడే ఉన్న ఆపిల్ పరవాలేదు. అవే ఆపిళ్లు ఏరుకొచ్చి మంచె ముందు కుప్ప పోస్తే నేరం. అక్కడ పండు ఎక్కడ పడి ఉందన్నది ముఖ్యం, ఇక్కడ మనిషి ఏ ఉద్దేశంతో పెట్టాడన్నది ముఖ్యం. మీ అబ్బాయి పొరబడింది ఈ తేడా దగ్గరే. పైగా అక్కడ కూడా రాష్ట్రానికో రూలు. టెక్సస్‌లో ప్రైవేటు భూమిలో మొక్కజొన్న పోసి మరీ వేటాడవచ్చు.

మీరు అడగకపోయినా చెప్పాల్సిన మాట ఇంకోటుంది. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్-1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం. స్నేహితుడి తుపాకీని కాసేపు పట్టుకున్నా అది ‘దగ్గర ఉండటం’ కిందికే రావచ్చు. లైసెన్సు గడువు దాటిన మర్నాడు అదే తుపాకీ పట్టుకుంటే వీసాకే ఎసరు. గ్రీన్‌కార్డు వరుసలో ఉన్న కుర్రాడు ఇలాంటి రిస్కు తీసుకోకూడదు. ఒకసారి అక్కడి ఇమిగ్రేషన్ అటార్నీని కలిసి మాట్లాడమనండి.

మీ గట్ల మీద చెట్లు నాటుకోండి, కాయలు అమ్ముకోండి. ఒకవేళ ఏ ఊరకుక్కలో తరిమితే దుప్పి వచ్చి మీ బావిలో పడినా, కంచెలో చిక్కుకున్నా, చచ్చి పడి ఉన్నా ఇంటికి మోసుకుపోకండి, పూడ్చకండి. వెంటనే బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి. ఏ కారణం వల్లనైనా అది మీ చేతిలోకి వస్తే 48 గంటల్లోపు దగ్గరి పోలీసు స్టేషన్లో గానీ అటవీ అధికారికి గానీ తెలపాలని సెక్షన్ 39 చెబుతోంది. ఫోన్లో చెప్పాక ఒక కాగితం కూడా రాసిచ్చి, దాని నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి.