కొత్త ఫీడర్‌కి పిట్టలు రావట్లేదా? పక్కనే ఓ వరి కుచ్చు కట్టి చూడండి

రాయగడ నుంచి ఒకరు అడిగారు: కొత్తగా కొన్న ప్లాస్టిక్ ఫీడర్‌ని దొడ్లో జామచెట్టుకి కట్టి పది రోజులైందట, పోసిన గింజలు పోసినట్టే ఉన్నాయట, ఒక్క పిట్టా వాలట్లేదట. మాది పర్లాకిమిడి, మా పెరట్లో ఏడాది పొడుగునా గింజలూ నీళ్లూ పెడుతుంటాం, అందుకని నాకు తెలిసింది చెప్తున్నా.

పది రోజులకే టెన్షన్ ఎందుకండీ! పిచ్చుకకి కొత్త వస్తువంటే మహా అనుమానం, దూరం నుంచి చూసి చూసి గానీ దగ్గరికి రాదు, మూడు నాలుగు వారాలు పట్టినా వింత కాదు. ఈలోగా రోజుకో కొమ్మకి మార్చారంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఆ ప్లాస్టిక్ డబ్బాలో తిండి ఉందని పిట్టకి ఎవరు చెప్తారు? వరి కంకి అయితే చెప్పక్కర్లేదు. కోతలయ్యాక కంకుల్ని కుచ్చుగా అల్లి చూరుకీ, గుడి మండపానికీ కట్టడం మనవాళ్లకి ఉన్నదే, అలాంటిదొకటి ఫీడర్ పక్కనే కట్టండి. పిచ్చుకలు ముందు దానికే వేలాడతాయి. వడ్లగింజని ముక్కులో అటూ ఇటూ దొర్లించి, పొట్టు ఊడగొట్టి, లోపలి బియ్యం మింగి ఊక కిందకి వదిలేస్తాయి. కుచ్చు అలవాటైతే పక్కనున్న డబ్బా మీదకి రావడం ఎంతసేపు! అన్నట్టు, మీ ఫీడర్లో పోసింది వడ్లో కొర్రలో అయితే పైన ఓసారి ఉఫ్ అని ఊది చూడండి, ఒక్కోసారి తినేసిన పొట్టు మిగిలి నిండుగా ఉన్నట్టే కనిపిస్తుంది.

మేత విషయంలో పెద్ద హంగామా అక్కర్లేదు. పిచ్చుకలకీ గువ్వలకీ నూకలు, గంటెలు (సజ్జలు), కొర్రలు చాలు, సంతలో దొరికేవే. పిగిలిపిట్టలు గింజల జోలికి పెద్దగా రావు, వాటికి ముగ్గిన అరటిపండో బొప్పాయి ముక్కో పెట్టాలి. మిక్చరు, ఉప్పు వేసిన పల్లీలు మాత్రం వద్దు. కాకులూ గోరింకలూ ముందు దిగితే తరిమేయకండి, అవి తింటుంటే చూసి మిగతావాటికీ ధైర్యం వస్తుంది.

ఎండాకాలంలో గింజలకన్నా నీళ్లకే ఎక్కువ వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాలు మించకుండా నీళ్లు పోసి, మధ్యలో కాళ్లు ఆనడానికి ఓ రాయి పెట్టండి. రోజూ పారబోసి కొత్తవి పొయ్యాలి, లేకపోతే పిట్టలకంటే ముందు దోమలు పెరుగుతాయి, మన జిల్లాల్లో మలేరియా సంగతి మీకు చెప్పేదేముంది. వానల్లో గింజలు ముద్దకట్టి బూజు పడతాయి కాబట్టి గుప్పెడు గుప్పెడే పోసి, వారానికోసారి ఫీడర్ కడిగి ఎండబెట్టండి.

జామచెట్టు మంచి చోటే, కాకపోతే పిల్లి నక్కేంత గుబురు ఫీడర్ కిందే ఉంటే మాత్రం ఏ పిట్టా రాదు. ఎగిరి దాక్కోవడానికి నాలుగైదు అడుగుల దూరంలో ఏదో ఒక కొమ్మ ఉండాలి, కింద నేల బోసిగా ఉండాలి.

గంజాంలో ఋషికుల్య తీరాన పురుణబంధ ఊళ్లో మట్టికుండలు గూళ్లుగా కట్టి పిచ్చుకల్ని మళ్లీ రప్పించుకున్నారు, మీరూ చూరు కింద ఓ చిన్న కుండ అడ్డంగా కట్టొచ్చు. అలా గూడు పెడితే మాత్రం చిక్కుడు పాదుకి మందు కొట్టడం మానేయండి, పిచ్చుక తాను గింజలు తిన్నా పిల్లలకి పెట్టేది పురుగులే.