తగ్గిపోయింది కదా అని ఆగకండి

మీ నాన్నగారికి పొద్దున మూతి వంకరపోయి, పది నిమిషాల్లో సర్దుకుందన్నారు. సోమవారం దాకా ఆగొచ్చా అని అడిగారు. వద్దండీ, ఇప్పుడే బయల్దేరండి. దాన్ని మినీ స్ట్రోక్ అంటారు, అంటే కాసేపు వచ్చి తగ్గిపోయే పక్షవాతం. పెద్దది ఒక్కోసారి రెండు రోజుల్లోపే వచ్చేస్తుంది. సీటీ స్కాన్ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. మెదడులో రక్తం గడ్డ కట్టిందా, రక్తనాళం చిట్లిందా అన్నది స్కాన్‌లోనే తేలుతుంది. చిట్లి ఉంటే ఆస్పిరిన్‌తో రక్తస్రావం పెరగొచ్చు, అందుకే ఇంట్లో మీరే అది వేయకండి. మళ్లీ మాట తడబడినా, చెయ్యి పడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయండి, అది మొదలైన టైమ్ రాసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా అప్పట్నుంచి 4.5 గంటల్లోపే ఇస్తారు.

మా అమ్మ చేతిలోంచి కాఫీ గ్లాసు జారగానే అన్నయ్య గడియారం చూశాడు. డాక్టర్ మొదట అడిగింది అదే. గంటన్నరలో ఇంజెక్షన్ పడింది. ఇప్పుడు ఆ చేత్తోనే పూలు కడుతోంది.