చెక్క మెట్లు వేసుకోబోయే అమ్మాయికి

చి. ల. సౌ. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. మెట్ల మీద కార్పెట్ పీకేసి ఓక్ పలకలు వేసుకుంటామనీ, పని మీరిద్దరే చేసుకుంటామనీ రాశావు. చేసుకోండి, మీ చేతకాని పనేం కాదు. ఏ చెక్క, ఏ రంగు, ఏ జిగురు అని అన్నీ అడిగావు గానీ ముందు అడగాల్సింది అడగలేదు. ఎత్తుల సంగతి.

రెండు మెట్లు ఎక్కాక ఎవరూ కిందికి చూడరు. కాలు అదే లెక్కతో లేస్తూ పోతుంది. ఒక్క మెట్టు తేడా వచ్చినా అక్కడే తట్టుకుంటారు. మీ మెట్లు ఒక్కోటి 7½ అంగుళాలు అనుకో. పాతవాటి మీదే అంగుళం మందం పలక వేస్తే మధ్యవన్నీ 7½ గానే ఉంటాయి, కింద మొదటిది మాత్రం 8½ అవుతుంది, పై హాల్లోకి ఎక్కే ఆఖరిది 6½ కి తగ్గుతుంది. కిందా పైనా ముప్పావు అంగుళం చెక్క ఫ్లోరింగ్ వేస్తున్నాం కదా, సరిపోతుందిలే అనుకుంటావేమో. అప్పుడు కూడా మొదటిది 7¾, ఆఖరిది 7¼. అమెరికాలో చాలా ఊళ్లు పాటించే ఐఆర్‌సీ అనే ఇళ్ల నిర్మాణ నియమాల ప్రకారం ఒక మెట్టు ఎత్తు 7¾ దాటకూడదు, ఒకే వరుసలో అన్నిటికంటే ఎత్తైనదానికీ పొట్టిదానికీ మధ్య ⅜ అంగుళం మించి తేడా ఉండకూడదు. నీకు అర అంగుళం వచ్చింది. ఫ్లోరింగ్ ముప్పావు అయితే మెట్టు పలకా ముప్పావే ఉండాలి. వాటిని రీట్రెడ్ అని అమ్ముతారు. కిందా పైనా నేల ఎత్తు మారకపోతే మాత్రం పాత పలక ఊడదీసి, స్ట్రింగర్ల మీద (మెట్లను కింద మోసే వాలు దూలాలు) అంతే మందం కొత్తది కూర్చోబెట్టాలి. పైన కార్పెట్ ఉంచేస్తుంటే దాన్ని అరచేత్తో గట్టిగా నొక్కిపట్టి అక్కడి నుంచి కొలువు. ప్రతి మెట్టు ఎత్తూ కాగితం మీద వరుసగా రాసుకో.

చెక్క విషయానికొస్తే, మీ కింది ఫ్లోరింగ్ ఏదైతే మెట్లకూ అదే. రెడ్ ఓక్‌లో కాస్త గులాబీ ఛాయ ఉంటుంది, స్టెయిన్ (చెక్కకు పట్టించే రంగు) సమంగా పీలుస్తుంది, తక్కువలో దొరుకుతుంది. వైట్ ఓక్ గోధుమ రంగు, నీటికి కొంచెం ఓర్చుకుంటుంది. గట్టిదనంలో జాంకా కొలత ప్రకారం రెడ్ ఓక్ 1290, వైట్ ఓక్ 1360. మేపుల్ 1450, కానీ ముదురు స్టెయిన్ పూస్తే మచ్చలు మచ్చలుగా తేలుతుంది. వాల్‌నట్ 1010, చూడ్డానికి బాగుంటుంది, హీల్స్ కింద సొట్టలు పడుతుంది. మన ఊళ్లో లాగా టేకు వేద్దామంటావేమో, అక్కడ దాని ధరకు ఓక్ మెట్లు రెండిళ్లకు వస్తాయి. పైగా టేకులో నూనె ఉంటుంది, జిగురూ పాలిషూ సరిగా పట్టవు.

ఫినిష్ చెయ్యని పలకలు తీసుకోవడమే మంచిది. అంచులు కోసి, చిత్రిక పట్టి, కింది ఫ్లోరింగ్ రంగుకు కలుపుకోవచ్చు. ఒక్కో పలక రెండు మూడు పట్టీలు అతికించినదే ఉంటుంది, అది లోపం కాదు. ముందు అంచున గుండ్రంగా తిప్పిన పట్టీలో ముడి ఉందేమో చూడు, ఉంటే వెనక్కిచ్చెయ్. పలకను కంటి ఎత్తుకు పట్టుకుని అంచు వెంట చూస్తే దోనెలా వంగిందో లేదో తెలుస్తుంది.

పొడవు దగ్గర చాలామంది దెబ్బ తింటారు. మెట్ల వెడల్పు మూడడుగులే కదా అని 36 అంగుళాలవి తెచ్చుకుంటారు. గోడలకు కొట్టిన పక్క పలకల మధ్య 36¼ వస్తే ఇంక అంతే. 42 వి తెచ్చుకో. మీకు 14 రైజర్లయితే (మెట్టుకు ముందు నిలువుగా ఉండే పలకలు) పైన వేసే పలకలు 13, ఆఖరున హాలు అంచుకు నోజింగ్ పట్టీ ఒకటి. పలకలు 15 తీసుకో, రెండు పాడవుతాయి.

తెచ్చీ తేగానే వెయ్యకు. ఏసీయో హీటరో రోజూ నడిచే గదిలో, మధ్యలో సన్న పుల్లలు పెట్టి వారం రోజులు పేర్చి ఉంచు. తేమ మీటర్‌తో 6 నుంచి 9 శాతం మధ్య ఉండాలి. చెక్క పొడవునా కదలదు, వెడల్పునా కదులుతుంది. 11 అంగుళాల రెడ్ ఓక్ పలక నాలుగు శాతం తేమ మారితే ⅛ అంగుళం పైనే పెరుగుతుంది, తరుగుతుంది. గరాజ్‌లో పడేసిన చెక్క ఆగస్టులో వేస్తే జనవరిలో వెనక సందు నోరు తెరుస్తుంది.

కార్పెట్ తీశాక మేకుల పట్టీలు, స్టేపుల్స్ అన్నీ లాగెయ్యి. ఒక్క స్టేపుల్ తల మిగిలినా పలక దాని మీద ఊగుతుంది. తర్వాత పాత మెట్ల మీద ఎక్కి తొక్కి చూడు. కిర్రుమన్న చోట స్ట్రింగర్‌లోకి 2½ అంగుళాల స్క్రూలు బిగించు. ఇప్పుడు వదిలేస్తే మళ్లీ చెయ్యి పెట్టలేవు. పాత పలకకు ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు ఉంటే రైజర్‌కు సమంగా కోసెయ్యాలి.

గోడలు నిటారుగా ఉంటాయని నమ్మకు. ఏ రెండు మెట్లూ ఒక్కలా ఉండవు. రెండు చివర్లూ తిరిగే టెంప్లేట్ పనిముట్టు దొరుకుతుంది, లేదా గట్టి అట్టముక్కలు అతికించి మెట్టు మెట్టుకీ అచ్చు తీసుకో. అచ్చు మీద నంబరు వెయ్యి, ఏ వైపు పైకో కూడా రాయి. తిరగేసి కోసిన పలకకు మందు లేదు. మొదట 1/16 ఎక్కువే ఉంచి కోసి, సరిపోయేదాకా సన్నగా చెక్కుకో. కూర్చున్నాక రెండు చివర్లా పోస్టుకార్డు మందం సందు చాలు. బిగించి కొడితే కిర్రుమంటుంది.

కింది నుంచి మొదలుపెట్టు. రైజర్, దాని మీద పలక, ఆ పలక వెనక అంచు మీద తర్వాతి రైజర్. ఇలా వేస్తే చెక్క ముడుచుకున్నా సందు రైజర్ కింద దాగుతుంది. పలక ముక్కు కొత్త రైజర్ కన్నా అంగుళం, మహా అయితే 1¼ ముందుకుండాలి. జిగురు పెట్టకముందే ఒట్టి పలక వేసి నాలుగు మూలలా నిలబడి చూడు. ఊగితే కింద షిమ్ (సన్న చెక్క ముక్క) పెట్టు. జిగురుతో సర్దుకుంటుందిలే అని వదిలేస్తే అక్కడ డొల్ల చప్పుడు వస్తుంది. పాలీయురేథేన్ కన్‌స్ట్రక్షన్ జిగురు పాములా వంకరలు తిప్పుతూ పూసి, ముందు అంచుకు ఒక గీత ఎక్కువ వెయ్యి. స్ట్రింగర్ ఉన్నచోట మాత్రమే ముందుగా బెజ్జం వేసి సన్న తలల ట్రిమ్ స్క్రూలు దించు. బెజ్జం లేకపోతే ఓక్ చీలుతుంది. ఒక రోజు తొక్కొద్దు.

ఒక వైపు రెయిలింగ్ ఊచలు పలక మీదే నిలబడి ఉంటే, ఆ వైపు పని వడ్రంగికి వదిలెయ్యి.

ఉప్పు కాగితం 80 తో మొదలుపెట్టి 100, 120 దగ్గర ఆపు. ఇంకా నున్నగా రుద్దితే స్టెయిన్ లోపలికి దిగదు. నీళ్ల పాలిష్ వాడుతుంటే స్టీల్ ఉన్ని దగ్గరికి రానివ్వకు. ఓక్‌లో టానిన్ ఉంటుంది, ఇనుప నలుసు తడిసిన చోటల్లా సిరా చుక్కలా నల్లబడుతుంది. నూనె పాలీయురేథేన్ పాలిష్ అయితే తక్కువ మెరుపున్న శాటిన్ రకం మూడు పూతలు వెయ్యి. 13 పలకలకు ఒక క్వార్టు డబ్బా (దాదాపు లీటరు) అంచున సరిపోతుంది, రెండోది ఉంచుకో. ఇవాళ బేసి మెట్లు, రేపు సరి మెట్లు పూస్తే రాత్రి పైకెళ్లి పడుకోవచ్చు. నూనె స్టెయిన్ తుడిచిన గుడ్డల్ని ముద్ద చేసి చెత్తబుట్టలో వెయ్యొద్దని అల్లుడుగారికి గట్టిగా చెప్పు. వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. బయట కాంక్రీటు మీద విడివిడిగా పరిచి ఆరబెట్టండి.

తర్వాత బకెట్ నీళ్లతో తుడిచే అలవాటు మానుకో, పిండేసిన గుడ్డ చాలు. మైనం పాలిష్ అసలొద్దు. సాక్సులతో పిల్లలు జారతారు, మీ అత్తగారి మోకాళ్లూ బాగుండవు కాబట్టి మధ్యలో రన్నర్ (పొడవాటి సన్న తివాచీ) పరిచెయ్యి.

పలకలు ఆర్డరు పెట్టకముందే ఎత్తుల కాగితం ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న