జిల్లేడు చుట్టూ తిరిగేది మోనార్క్ సీతాకోకచిలుకేనా?

శ్రీకాకుళం, విజయనగరం వైపు పొలంగట్ల మీద కనిపించే నారింజ రంగు సీతాకోకచిలుక మోనార్కేనా అన్నది ప్రశ్న. కాదు. మోనార్క్ అమెరికా ఖండాలది. మన దగ్గర ఉన్నవి దాని దగ్గరి బంధువులు, ప్లెయిన్ టైగర్, స్ట్రైప్డ్ టైగర్.

ముందు ఈనెలు చూడండి. రెక్క మీద నల్లటి ఈనెలు లావుగా, గీతలు గీసినట్టు ఉంటే స్ట్రైప్డ్ టైగర్. మోనార్క్ అని పొరబడేది ఎక్కువగా దీన్నే. అయితే దీని ముందు రెక్క కొన దగ్గర తెల్లటి పట్టీ స్పష్టంగా ఉంటుంది, మోనార్క్‌కు అక్కడ చిన్న చుక్కలే. ఈనెలు నల్లగా లేకపోతే ప్లెయిన్ టైగర్ కావచ్చు. అప్పుడు వెనక రెక్క మధ్యలో చుక్కలు లెక్కపెట్టండి. మూడుంటే ఆడది, నాలుగుంటే మగది. ఆ నాలుగోది నిజానికి వాసన సంచి.

అసలు తికమక ఇక్కడే. డనెయిడ్ ఎగ్‌ఫ్లై అనే మరో సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ప్లెయిన్ టైగర్ వేషం వేస్తుంది. జిల్లేడు పాల విషం వంటబట్టిన టైగర్‌ను పిట్టలు ముట్టవు, ఆ భయాన్ని ఇది వాడుకుంటుంది. దీని వెనక రెక్కకు పైఅంచు దగ్గర ఒకే నల్ల మచ్చ.

పొద్దున్నే, ఎండ కాస్త ఎక్కాక, జిల్లేడు లేతాకుల అడుగున వెతకండి. ఒక్కొక్కటిగా పెట్టిన తెల్లటి గుడ్లు, నలుపు తెలుపు చారల గొంగళిపురుగులు దొరుకుతాయి. పురుగు వీపున మూడు జతల నల్లటి కొమ్ములుంటే ప్లెయిన్ టైగరే, మోనార్క్ పురుగుకు రెండు జతలే. ఆకు తుంచకండి, ఆ పాలు కంట్లో పడితే ప్రమాదం.