ముందు జాయింట్ వేయడం నేర్చుకో

అమ్మలూ,

ఇందోర్‌లో యాక్సిలరేటర్లు, లేజర్ల మీద పనిచేసే పరిశోధన కేంద్రం ఆర్‌ఆర్‌క్యాట్‌లో చేరుతున్నానని నువ్వు ఫోన్ చేసిన రాత్రి సంతోషంతో నాకు నిద్రే పట్టలేదు. అంత దూరమా అని మీ అమ్మ బెంగ పెట్టుకుంది, దానికి నేను నచ్చజెప్తాలే. మొదటి ఏడాది ఏం నేర్చుకోమంటావు మామయ్యా అని అడిగావు కదా, ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నా.

సిమ్యులేషన్ నీకు ఎలాగూ వచ్చు. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి మాగ్నెట్ల అయస్కాంత క్షేత్రం లెక్కలు చేయమంటారు, చెయ్యి. కానీ రోజూ ఒక గంట టెక్నీషియన్ల దగ్గర నిలబడు, ముఖ్యంగా వాళ్లు సూపర్‌కండక్టింగ్ మాగ్నెట్లలో, అంటే బాగా చల్లబరిస్తే రెసిస్టెన్స్ లేకుండా కరెంటు పారే వాటిలో, కేబుల్‌కి కేబుల్‌ కలిపి జాయింట్ వేసేటప్పుడు.

2008 సెప్టెంబర్ 19న జెనీవా దగ్గరి కణ భౌతిక శాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లో ఏం జరిగిందో చదివే ఉంటావు. 27 కిలోమీటర్ల చుట్టు సొరంగంలో ప్రోటాన్లను తిప్పే యంత్రం ఎల్‌హెచ్‌సిలో ఆ ప్రోటాన్ల బీమ్ మొదటిసారి తిరిగి తొమ్మిది రోజులైంది. ఒక సెక్టార్‌లో కరెంటు 8,700 ఆంపియర్ల దాకా పెంచేసరికి రెండు మాగ్నెట్ల మధ్య ఒకే ఒక్క జాయింట్ తెగి ఆర్క్ వచ్చింది, మాగ్నెట్లను చల్లబరిచే హీలియం ఉన్న గొట్టానికి చిల్లు పడింది, సుమారు 6 టన్నుల హీలియం పోయింది, 53 మాగ్నెట్లను పైకి తీయాల్సి వచ్చింది, మళ్లీ బీమ్ తిరిగేసరికి 2009 నవంబర్ వచ్చేసింది. ఆ జాయింట్ రెసిస్టెన్స్ ఎంతో తెలుసా, సుమారు 220 నానోఓములు (నానో అంటే వంద కోట్లో వంతు)! బాగా వేసిన జాయింట్‌కి ఒక్క నానోఓమ్ కూడా ఉండదు. 7,000 ఆంపియర్ల దగ్గర ఎంత వేడి పుడుతుందో లెక్క వేసి చూడు, 11 వాట్లు కూడా రాదు, రాత్రిపూట వేసుకునే చిన్న బల్బంత. కానీ ఆ మాగ్నెట్లుండే 1.9 కెల్విన్, అంటే మైనస్ 271 డిగ్రీల దగ్గర లోహానికి వేడిని ఓర్చుకునే శక్తే ఉండదు. నాకు ఇప్పటికీ మనసులో కలుక్కుమనేది ఏంటంటే, అంతకు కొన్ని రోజుల ముందే ఆ చోట ఉష్ణోగ్రత డిగ్రీలో వందో వంతుల్లో పెరిగినట్టు రికార్డుల్లో ఉంది. తర్వాత వెతికితే గానీ కనబడలేదు.

నాకూ అలాంటిదే జరిగింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు ఒక టెస్ట్ మాగ్నెట్ ప్రతిసారీ ఒకే కరెంటు దగ్గర క్వెంచ్ అయ్యేది, అంటే దాని సూపర్‌కండక్టింగ్ గుణం ఉన్నట్టుండి పోయేది. వైరు మంచిది కాదని రెండు నెలలు వాదించాను. వోల్టేజీ కొలవడానికి బయటికి తీసిన వైరులో, అదే ఒక వోల్టేజ్ ట్యాప్‌లో, రెండు మైక్రోవోల్టులు ఎక్కువ వస్తుంటే నాయిస్ అనుకుని సగటు తీసి చెరిపేశాను. చివరికి కోసి చూస్తే జాయింట్ చివర బొటనవేలి గోరంత మేర సోల్డరే అందలేదు, లోపల రాగి మెరుస్తూ కనబడింది. ఆ ముక్క ఇప్పటికీ నా టేబుల్ సొరుగులో ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా.

అందుకని కొలవడం ఇలా అలవాటు చేసుకో. కరెంటు పెంచుతూ కొలవకు, కరెంటు మారడం వల్ల కాయిల్‌లో పుట్టే ఇండక్టెన్స్ వోల్టేజీ అంతా ముంచేస్తుంది. ఒక చోట ఆపు, రీడింగ్ స్థిరపడేదాకా ఓపిక పట్టు, అప్పుడు రాసుకో. నాలుగైదు కరెంట్ల దగ్గర అలా తీసి కరెంటుకు వోల్టేజీ గ్రాఫ్ గీస్తే వాలు ఎంతో అదే రెసిస్టెన్స్. తర్వాత కరెంటు దిశ తిప్పి మళ్లీ తియ్యి, వైర్ల వేడి తేడాల వల్ల వచ్చే దొంగ వోల్టేజీ అప్పుడు పోతుంది. జాయింట్ వేసే రోజు టెక్నీషియన్ పక్కన కూర్చుని సోల్డర్ ఎప్పుడు కరిగింది, రెండు చివరలూ సమానంగా వేడెక్కాయా లేదా, ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ ఏం చూపించింది అన్నీ నీ చేత్తో నోట్‌బుక్‌లో రాయి.

ఇంకోటి, దీన్ని మాత్రం మర్చిపోకు తల్లీ. లీటరు ద్రవ హీలియం ఆవిరైతే 700 లీటర్లకు పైగా గ్యాస్ అవుతుంది, అది గదిలో ఆక్సిజన్‌ని తోసేస్తుంది, వాసన కూడా రాదు. ఆక్సిజన్ మీటర్ మోగితే బయటికి పరిగెత్తు, రీడింగ్ పోతే పోనీ.

అక్కడ సీనియర్లతో తీరిక చేసుకుని మాట్లాడు. ఎల్‌హెచ్‌సిలో 30 టన్నులకు పైగా బరువున్న ఒక్కో డైపోల్, అంటే బీమ్‌ని వంచే మాగ్నెట్, మూడేసి జాకుల మీద కూర్చుంటుంది, ఆ దాదాపు 7 వేల జాకులు మన దేశం నుంచే వెళ్లాయి, ఆ పని చూసింది మీ సంస్థే. వాటిని ఎలా పరీక్షించి పంపారో తెలిసినవాళ్లెవరైనా ఉంటే కూర్చోబెట్టి అడుగు, ఇలాంటివి పేపర్లలో దొరకవు.

నువ్వు గీసిన మొదటి గ్రాఫ్ ఫొటో తీసి పంపు, గీత వంకరగా వచ్చినా సరే.

మీ మామయ్య