ఎం13 మసగ్గా కనిపిస్తే టెలిస్కోప్ పాడైనట్టు కాదు

ఎం13 నక్షత్రగుచ్ఛం దూది ఉండలా మసగ్గా కనిపిస్తోంది, 3 అంగుళాల (కటకం లేదా అద్దం వెడల్పు) టెలిస్కోప్ పాడైందా అని అడిగారు. టెన్షన్ వద్దండీ, అది బాగానే ఉంది. గుచ్ఛం 22 వేల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉంది. లక్షల నక్షత్రాలు, నడిమధ్యన ఒకటే కిక్కిరిసి ఉంటాయి. వయసు 1,100 కోట్ల ఏళ్ల పైమాటే. భారీ తారలు ఎప్పుడో ఆరిపోయాయి. ఇప్పుడు అందులో బాగా వెలిగేవి ఉబ్బిపోయిన ఎర్రటి ముసలి తారలు. అవి కూడా మీ టెలిస్కోప్‌కు అందీ అందనట్టు ఉంటాయి.

ఊరి దీపాలకు దూరంగా, చందమామ లేని రాత్రి చూడండి. కళ్లు చీకటికి అలవాటు పడేలా అరగంట ఫోన్ ముట్టుకోకండి. గుచ్ఛం వైపు సూటిగా కాకుండా కాస్త పక్కకు చూస్తే అంచులు రవ్వ చల్లినట్టు కనిపించొచ్చు. 6 అంగుళాల దాంట్లో అయితే చుక్కలు విడివిడిగా తెలుస్తాయి, ఎంత బావుంటుందో!